టాంజానియా బడిలో స్వచ్ఛందంగా పాఠాలు చెప్పాలనుకుంటే: ఏడు నెలల తయారీ

టాంజానియా పిల్లలు ప్రభుత్వ ప్రాథమిక బడిలో ఏడేళ్లపాటు అన్నీ తమ జాతీయ భాష కిస్వాహిలిలోనే చదువుకుంటారు. (దీన్ని ఆరేళ్లకు కుదించే కొత్త విధానం అమల్లోకి వస్తోంది.) సెకండరీ మొదటి తరగతి అయిన ఫామ్ వన్‌లో కూర్చున్న రోజు నుంచి లెక్కలు, ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీ, భూగోళం అన్నీ ఇంగ్లీషులోకి మారిపోతాయి. నిన్నటిదాకా చకచకా లెక్కలు చేసిన పిల్ల ఇవాళ ప్రశ్న అర్థంకాక పెన్ను పట్టుకుని కూర్చుంటుంది. పదో తరగతి దాకా తెలుగు మీడియంలో చదివి ఇంటర్ ఎంపీసీలో చేరినవాళ్లకు ఈ పరిస్థితి విడమరిచి చెప్పాల్సిన పని లేదు. లంబకోణ త్రిభుజం కాస్తా రైట్ యాంగిల్డ్ ట్రయాంగిల్ అయిపోయిన ఆ మొదటి వారాలు ఎవరూ మర్చిపోరు.

విదేశంలో స్వచ్ఛందంగా టీచరుగా పనిచేయాలనుకునే తెలుగువాళ్లకు నేను ముందుగా ఈ దేశం పేరు చెప్పేది అందుకే. మన ఇంగ్లీషు యాస గొప్పదని కాదు, మన సిలబస్ గొప్పదనీ కాదు. మీడియం మారితే పిల్లల బుర్రలో ఏం జరుగుతుందో మనలో చాలామందికి లోపలి నుంచి తెలుసు. లండన్ నుంచో సిడ్నీ నుంచో వచ్చే వాలంటీరుకు ఆ సంగతి తెలిసే అవకాశం తక్కువ. కాకపోతే అది అనుభవంగా ఉంటే చాలదు, పాఠం చెప్పే పద్ధతిగా మారాలి. ఈ తయారీలో ఎక్కువ భాగం దానికోసమే.

అక్కడి విద్యాసంవత్సరం జనవరిలో మొదలై డిసెంబరు ప్రాంతంలో ముగుస్తుంది. మధ్యలో జూన్ నెలలో సెలవులిచ్చి రెండో టర్మ్ జూలైలో మొదలుపెడతారు. జనవరికి అక్కడ ఉండాలంటే ఇక్కడ మన బడులు తెరిచే వేళకే పని మొదలుపెట్టాలి.

1. ఎంతకాలం, ఏ సబ్జెక్టు

ఒక పూర్తి టర్మ్ ఉండగలిగితేనే వెళ్లండి. రెండు వారాలకో మూడు వారాలకో వెళ్లొచ్చేవాళ్ల వల్ల బడికి మిగిలేది శ్రమే: కొత్త మనిషికి తరగతులు సర్దాలి, భోజనం చూడాలి, వెళ్లిపోయాక ఎక్కడ ఆపారో వెతుక్కోవాలి. పిల్లలు పేర్లు నేర్చుకునేలోపే మీరు విమానం ఎక్కేస్తారు. అంత సమయం లేనివాళ్లు వెళ్లకుండా ఇక్కడి నుంచే ఆన్‌లైన్‌లో పాఠ్యసామగ్రి తయారుచేసి ఇవ్వడం మేలు. ఐక్యరాజ్యసమితి వాలంటీర్ల సంస్థకు ఆన్‌లైన్ వాలంటీర్ల విభాగం కూడా ఉంది.

సబ్జెక్టు విషయంలో అయితే లెక్కలు, సైన్సు చెప్పగలిగినవాళ్లు వాటికే కట్టుబడండి. అక్కడ బేసిక్ మ్యాథమెటిక్స్ తప్పే పిల్లలు ఎక్కువన్నది ఏళ్లుగా వినిపిస్తున్న మాట. 2016 నుంచి ఫామ్ ఫోర్ దాకా ప్రభుత్వ బడుల్లో ఫీజు ఎత్తేశాక పిల్లలు పెరిగారు, సైన్సు టీచర్లు అంత వేగంగా పెరగలేదు. ఇంగ్లీషే చెప్పాలనుకునేవాళ్లకు టెఫెల్ (ఇంగ్లీషును విదేశీ భాషగా బోధించే శిక్షణ) లాంటి కోర్సు ఉపయోగపడుతుంది. లెక్కల టీచరుకు దానికంటే బీఈడీ, కొంత తరగతి అనుభవం విలువైనవి.

2. ఏ దారిన వెళ్లాలి

ఐక్యరాజ్యసమితి వాలంటీర్లు: 1970లో ఏర్పడిన సంస్థ, ప్రధాన కార్యాలయం జర్మనీలోని బాన్ నగరంలో ఉంది. భారతీయులు నేరుగా ఆన్‌లైన్‌లో పేరు నమోదు చేసుకోవచ్చు. జీవన భత్యం, బీమా వాళ్లే ఇస్తారు. అయితే పోటీ ఎక్కువ. పైగా బళ్లో నిలబడి పాఠం చెప్పే పోస్టులకంటే విద్యా కార్యక్రమాలను నడిపించే పోస్టులే ఎక్కువగా కనిపిస్తాయి.

పీస్ కోర్: అమెరికా ప్రభుత్వం నడిపే వాలంటీర్ల సంస్థ, ఆ దేశపు పౌరసత్వం ఉన్నవాళ్లకు మాత్రమే. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో పుట్టి పెరిగిన మన పిల్లలకు ఇది మంచి దారి. 1961లో మొదలైనప్పుడు వాలంటీర్లను పంపిన తొలి దేశాల్లో టాంజానియా, అప్పటి టాంగన్యీకా, ఒకటి. మూడు నెలల శిక్షణ, రెండేళ్ల సేవ, మొత్తం 27 నెలలు. సెకండరీ బడుల్లో లెక్కలు, సైన్సు చెప్పించడం అక్కడ వాళ్లు ఎన్నాళ్లుగానో చేస్తున్న పని. భాష కూడా వాళ్లే నేర్పిస్తారు.

ఇక మూడో దారి స్థానిక సంస్థలు, చర్చి లేదా ట్రస్టు నడిపే బడులు, డబ్బు తీసుకుని పంపే ఏజెన్సీలు. ఎక్కువమంది వెళ్లేది ఈ దారిలోనే, మోసపోయేదీ ఇందులోనే. ఏజెన్సీ డబ్బు అడిగితే అదొక్కటే తప్పు కాదు. మీ తిండి, బస, పర్మిట్లకు ఎవరో ఒకరు ఖర్చు పెట్టాలి కదా. ఆ డబ్బులో ఎంత బడికి చేరుతుందో కాగితం మీద చూపించమనండి. చూపించలేకపోతే వదిలేయండి.

అనాథాశ్రమంలో పిల్లలకు చదువు చెప్పే అవకాశం అంటూ ఎవరైనా ఊరిస్తే ఇంకా జాగ్రత్త. నేపాల్, కాంబోడియాల్లో బయటపడిన సంగతి ఇది: అలాంటి చాలా ఇళ్లలోని పిల్లలకు తల్లో తండ్రో బతికే ఉన్నారు. వాలంటీర్లు, విరాళాలు వస్తాయి కాబట్టే పిల్లల్ని తెచ్చి పెడుతున్నారు. ఆస్ట్రేలియా 2018లో చేసిన ఆధునిక బానిసత్వ చట్టం సందర్భంగా ఈ వ్యవహారాన్ని బానిసత్వంలో ఒక రూపంగానే గుర్తించింది. టాంజానియాకైనా ఇదే జాగ్రత్త వర్తిస్తుంది. బడి అంటే సాయంత్రానికి పిల్లలు ఇళ్లకు వెళ్లేదో, ప్రభుత్వ గుర్తింపున్న హాస్టల్ బడో అయి ఉండాలి.

3. బడిని అడగాల్సినవి

ఒక బడి దొరికిందనుకోండి. హెడ్‌మాస్టరుతో, వీలైతే మీ సబ్జెక్టు టీచరుతో వీడియో కాల్‌లో మాట్లాడండి. మధ్యవర్తి వద్దంటే అనుమానించాల్సిందే. నాలుగు సంగతులు తెలుసుకోవాలి.

ఇప్పుడు ఆ సబ్జెక్టు ఎవరు చెబుతున్నారు? మీరు వెళితే ఆ మనిషి ఉద్యోగానికి ఎసరు రాదు కదా? తరగతిలో ఎంతమంది? (డెబ్బై ఎనభై అన్నా ఆశ్చర్యపోకండి.) పుస్తకాలు ఎంతమందికి ఒకటి?

మొదటి రెండు ప్రశ్నలే అసలైనవి. జీతం తీసుకునే టీచరు స్థానంలో ఉచితంగా మీరు కూర్చుంటే ఆ ఊరికి మీరు చేసింది మేలు కాదు. మీకు కావలసింది జంట బోధన: స్థానిక టీచరుతో కలిసి తరగతి తీసుకోవడం, ఆయన లేదా ఆమె సెలవులో ఉంటే తప్ప ఒంటరిగా తరగతి నడపకపోవడం. ఈ ఒప్పందం వెళ్లక ముందే ఈమెయిల్లో రాయించుకోండి. అక్కడికి వెళ్లాక, "మీరొచ్చారుగా, ఫామ్ టూ అంతా మీదే" అంటే ఆ మొహమాటంలో కాదనలేరు.

4. ఇక్కడే సాధన చేయండి

ఇంటర్నెట్లో కోర్సులు చూస్తూ కాలం గడిపేకంటే జూలై నుంచి అక్టోబరు దాకా వారానికి రెండు రోజులు దగ్గర్లోని జిల్లా పరిషత్ హైస్కూల్లో లెక్కలు చెప్పండి. హెడ్‌మాస్టరు అనుమతి తీసుకోవాలి. ఆరు, ఏడు తరగతులు అడిగి తీసుకోండి. ఇంగ్లీషు మీడియంలో కూర్చుని ఇంట్లో, ఆటలో తెలుగే మాట్లాడే పిల్లలు వాళ్లు. ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లీషుగా అచ్చేసిన ద్విభాషా పాఠ్యపుస్తకాలు వాళ్ల చేతుల్లోనే ఉన్నాయి. ఆ పుస్తకాన్ని పిల్లలు ఎలా వాడుతున్నారో గమనించండి: ఎప్పుడు తెలుగు పేజీకి వెళ్తున్నారు, ఎప్పుడు తిరిగి ఇంగ్లీషు పేజీకి వస్తున్నారు. టాంజానియాలో మీరు బోర్డు మీద చేయాల్సింది ఆ పనే.

ఇంతకంటే గట్టి సాధన కావాలంటే మీకు భాష రాని పిల్లల దగ్గరికి వెళ్లండి. తెలంగాణ ఇటుక బట్టీలకు ఒడిశాలోని బలంగీర్, నువాపడా వైపు నుంచి కుటుంబాలు పనికి వస్తాయి. శీతాకాలం మొదట్లో వచ్చి వానలకు ముందు వెళ్లిపోతాయి. కొన్నిచోట్ల పిల్లలకు పని స్థలాల దగ్గరే ఒడియాలో చెప్పే బడులు నడుస్తాయి. అక్కడ నెలపాటు ఒడియా టీచరు పక్కన నిలబడి భిన్నాలు చెప్పి చూడండి. నోరు పనిచేయనప్పుడు చేయి, గీత, గులకరాయి ఎంత పనిచేస్తాయో తెలుస్తుంది. ఆదిలాబాద్ గోండు గూడేల్లో, సీతంపేట సవర ఊళ్లలో పనిచేసిన టీచర్లు తెలిసినవాళ్లుంటే వాళ్లతో ఒక సాయంత్రం కూర్చోండి. గోండి, సవర, కోయ వంటి ఎనిమిది భాషల్లో 2004లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో బహుభాషా విద్య మొదలైంది కాబట్టి ఇంటి భాష నుంచి బడి భాషకు పిల్లల్ని ఎలా నడిపించాలో తెలిసినవాళ్లు మన దగ్గర ఉన్నారు. ఆ అనుభవం ఏ విదేశీ సర్టిఫికెట్‌లోనూ దొరకదు.

సైన్సువాళ్లకు ఒక అదనపు పని. అక్కడి ల్యాబులో ఏమీ ఉండదనుకునే సిద్ధం కండి. పారేసిన వస్తువులతో అరవింద్ గుప్తా చేసి చూపించిన బొమ్మలు, మన జన విజ్ఞాన వేదిక కార్యకర్తలు ఊరూరా చేసే చవక ప్రయోగాలు ఒక ఇరవై చేతికి అలవాటు చేసుకోండి. సామాన్లు అక్కడి బజారులో దొరికేవే అయి ఉండాలి: సీసా, స్ట్రా, బెలూను, అయస్కాంతం, రాగి తీగ, బ్యాటరీ, నిమ్మకాయ.

5. మీడియం గోడ దాటించడం

అక్కడి సిలబస్, పాఠ్యపుస్తకాలు టాంజానియా విద్యా సంస్థ తయారుచేస్తుంది, పరీక్షలు నెక్టా అనే జాతీయ పరీక్షల మండలి నిర్వహిస్తుంది. పుస్తకాలూ పాత ప్రశ్నపత్రాలూ ఇంటర్నెట్లో దొరుకుతాయి. ఫామ్ టూ చివర ఒక జాతీయ పరీక్ష, ఫామ్ ఫోర్ చివర మరొకటి ఉంటాయి. ఫామ్ టూ లెక్కల పాత పేపర్లు ఐదేళ్లవి తీసుకుని ప్రశ్నల్లో వచ్చే ఇంగ్లీషు మాటల్ని వేరుగా రాసుకోండి. సింప్లిఫై, ఎవాల్యుయేట్, హెన్స్, రెస్పెక్టివ్లీ, ఎట్ లీస్ట్ లాంటివి ఒక రెండు వందలు తేలతాయి. లెక్క తెలిసీ మార్కులు పోయేది ఎక్కువగా ఈ మాటల దగ్గరే.

ప్రతి పాఠానికీ ఆరేడు మాటలకు మించకుండా మూడు గడుల పట్టిక తయారుచేయండి: ఇంగ్లీషు మాట, కిస్వాహిలి మాట, బొమ్మ. కిస్వాహిలి గడి మీరు నింపకండి, స్థానిక టీచరుతోనో పిల్లలతోనో నింపించండి. నిఘంటువులో ఉండే మాటా, ప్రాథమిక బడిలో వాళ్లు విన్న మాటా ఒకటి కాకపోవచ్చు. పట్టిక తరగతి గోడ మీద టర్మ్ అంతా ఉండాలి.

పిల్లల్ని జంటలుగా కూర్చోబెట్టి లెక్కను కిస్వాహిలిలో మాట్లాడుకోనివ్వండి, జవాబు మాత్రం ఇంగ్లీషులో రాయించండి. కొన్ని బడుల్లో ఇంగ్లీషు మాత్రమే మాట్లాడాలని నియమం ఉంటుంది, అతిక్రమిస్తే శిక్ష కూడా వేస్తారు. మన కాన్వెంట్లలో తెలుగు మాట్లాడితే పలక మెడకు కట్టిన రోజులు గుర్తొస్తాయి. ఆ నియమంతో తగాదాకు దిగకండి. 'ఐదు నిమిషాల చర్చ' అని పేరు పెట్టి హెడ్‌మాస్టరు అనుమతితో మొదలుపెట్టండి. చర్చ అయ్యాక పిల్లలు బోర్డు దగ్గరికి వచ్చి ఇంగ్లీషులో రెండు వాక్యాలు చెబుతుంటే ఎవరూ అభ్యంతరపెట్టరు.

వాక్యానికి చట్రం ఇవ్వడం ఇంకో ఉపాయం. ఫలానా కోణం ఇంత, ఎందుకంటే ఫలానా అని చెప్పే ఇంగ్లీషు వాక్యాన్ని బోర్డు మీద రాసి ఖాళీలు వదలండి. 'ఎందుకంటే' తర్వాతి ఖాళీని పిల్లవాడు పూరించగలిగితే అతనికి లెక్క వచ్చినట్టే. వ్యాకరణం తర్వాత చూసుకోవచ్చు.

మీ ఇంగ్లీషు గురించి. మనవాళ్లు వేగంగా మాట్లాడతారు. అక్కడి పిల్లల చెవికి మీ యాస కొత్త. వాక్యం చిన్నది చేసి, చెప్పిన వాక్యాన్నే మళ్లీ అదే మాటల్లో చెప్పండి. అర్థం కాలేదని రెండోసారి వేరే మాటల్లో చెబితే పిల్లలకు అది ఇంకో కొత్త వాక్యం అవుతుంది. ఇక్కడ ఉండగానే పది నిమిషాల పాఠం ఫోన్‌లో రికార్డు చేసి, లెక్కలు రాని ఎవరికైనా వినిపించండి.

అంకెల దగ్గర ఒక తిరకాసు ఉంది. మన పద్ధతిలో కామాలు పెట్టి 10,00,000 అని రాస్తే అక్కడి పిల్లలు తికమకపడతారు, 1,000,000 అని రాయాలి. కోటి అనే లెక్క లేదు. కానీ కిస్వాహిలిలో లక్షను 'లాకి' అంటారు, డబ్బు లెక్కల్లో అందరూ వాడతారు. మన దేశపు వర్తకులతో పాటు సముద్రం దాటి వెళ్లిన మాట అది. లెక్కల ఉదాహరణలకు రూపాయలు కాక షిల్లింగులు, మామిడి తోట కాక మొక్కజొన్న చేను తీసుకోండి.

ఇక ఒకే తరగతిలో భాగహారం రానివాళ్లూ బీజగణితం వచ్చినవాళ్లూ ఉంటారు. వయసును బట్టి కాక వచ్చినదాన్ని బట్టి గుంపులు చేసి చెప్పే పద్ధతిని ప్రథమ్ సంస్థ మన దేశంలోనే రూపొందించింది, ఇప్పుడది ఆఫ్రికా దేశాల్లోనూ నడుస్తోంది. తెలంగాణలో తొలిమెట్టు కార్యక్రమంలో పనిచేసిన టీచర్లకు ఈ తరహా పని కొత్తేమీ కాదు. వారానికి రెండు పీరియడ్లు అలా కేటాయించమని అడగండి.

6. కిస్వాహిలి

మూడు నెలలు రోజూ అరగంట కూర్చుంటే తరగతికీ బజారుకూ సరిపడా వస్తుంది. తెలుగువాళ్లకు ఉచ్చారణ దాదాపు ఉచితం: రాసినట్టే పలుకుతారు, అచ్చులు మనవే, మాటలు తెలుగులాగే అచ్చుతో ముగుస్తాయి. మనం బస్సు అన్నట్టే వాళ్లు బాసి అంటారు. కష్టం వచ్చేది నామవాచకాల తరగతుల దగ్గర, మాట మొదట్లోనే ఏకవచనం బహువచనం మారిపోయే చోట. అది మెల్లగా పట్టుబడుతుంది.

తరగతికి ముందుగా కావలసినవి: మ్మేఎలేవా అంటే మీకు అర్థమైందా, తేనా అంటే మళ్లీ, క్వా నీని అంటే ఎందుకు, జారిబు అంటే ప్రయత్నించు, ఎంఫానో అంటే ఉదాహరణ. జుమ్లిషా కూడు, తోఆ తీసివేయి, జిదిషా గుణించు, గవాన్యా భాగించు. పెద్దవాళ్లు కనబడితే షికమో అనాలి, పిల్లలు మీకు షికమో అంటే మరహబా అని బదులివ్వాలి. ఇది రాకపోతే చదువుకున్న మనిషికి మర్యాద తెలియదనుకుంటారు. మ్వాలిము అంటే టీచరు. దేశపు తొలి అధ్యక్షుడు జూలియస్ న్యెరేరేను ఇప్పటికీ ఆ మాటతోనే తలుచుకుంటారు కాబట్టి ఆ పిలుపులో గౌరవం ఉంది.

గంటల లెక్క వేరు. రోజు పొద్దున ఆరింటికి మొదలవుతుంది. సా మోజా, ఒకటో గంట అంటే మన ఏడు గంటలు. 'రేపు రెండింటికి రండి' అని కిస్వాహిలిలో చెప్పారంటే ఉదయం ఎనిమిదికి అని. మొదటి వారంలో ప్రతిదీ రెండుసార్లు అడిగి నిర్ధారించుకోండి.

7. కాగితాలు

టూరిస్ట్ వీసా మీద పాఠాలు చెప్పడం చట్టవిరుద్ధం. జీతం తీసుకోకపోయినా సరే. 'అందరూ అలాగే వస్తారు, ఏం కాదు' అనే మధ్యవర్తి మాట నమ్మితే జరిమానా, దేశం నుంచి పంపించేయడం మీ నెత్తిన పడతాయి. వాలంటీర్లకు వర్తించేది రెసిడెన్స్ పర్మిట్‌లో క్లాస్ సి. దాని దరఖాస్తు ఆహ్వానించిన సంస్థే పెట్టాలి, కార్మిక శాఖ అనుమతి సంగతి కూడా వాళ్లే చూడాలి. రుసుములు మారుతుంటాయి కాబట్టి ఆ దేశపు ఇమిగ్రేషన్ శాఖ వెబ్‌సైటులోనే చూసి, ఎవరు కడతారో రాతలో తేల్చుకోండి.

మీ వైపు నుంచి కావలసినవి: గడువు బాగా మిగిలిన పాస్‌పోర్టు, పాస్‌పోర్టు సేవా ద్వారా పోలీస్ క్లియరెన్స్ సర్టిఫికెట్, డిగ్రీ, బీఈడీ పత్రాలు. ఆ పత్రాలకు ఏ స్థాయి అటెస్టేషన్ కావాలో సంస్థను ముందే అడగండి. యూనివర్సిటీ, రాష్ట్ర శాఖ, విదేశాంగ శాఖ చుట్టూ తిరగడానికి వారాలు పడుతుంది. ప్రభుత్వ టీచర్లయితే శాఖ నుంచి నిరభ్యంతర పత్రం, సెలవు మంజూరు ముందుగా ఉండాలి. ఆ ఫైలు ఎంత నిదానంగా కదులుతుందో మీకు నేను చెప్పక్కర్లేదు, దాంతోనే మొదలుపెట్టండి.

బడి టాంజానియాలో భాగమైన జాంజిబార్ దీవిలో అయితే ఒక అదనపు ఖర్చు: 2024 అక్టోబరు నుంచి అక్కడ దిగే విదేశీయులు జాంజిబార్ ప్రభుత్వ బీమా సంస్థ దగ్గర 44 డాలర్ల బీమా తీసుకోవాలి. మీ దగ్గర వేరే బీమా ఉన్నా ఇది తప్పదు. ఐఐటీ మద్రాస్ 2023లో తొలి విదేశీ ప్రాంగణం తెరిచింది ఆ దీవిలోనే కాబట్టి భారతీయులు కొత్త కాదు. రంజాన్ నెలలో పగలు వీధిలో తినడం, తాగడం మాత్రం మానుకోవాలి.

దిగిన వారంలో దార్ ఎస్ సలామ్‌లోని భారత హైకమిషన్‌లో, దీవిలో అయితే జాంజిబార్ కాన్సులేట్‌లో పేరు నమోదు చేసుకోండి. 2025 అక్టోబరు 29న ఎన్నికల రోజు గొడవలు చెలరేగి దార్ ఎస్ సలామ్‌లో కర్ఫ్యూ పెట్టారు, ఇంటర్నెట్ ఆగిపోయింది. అలాంటప్పుడు మీరెక్కడున్నారో ఎవరికో ఒకరికి తెలిసి ఉండాలి. ముఖ్యమైన నంబర్లు కాగితం మీద కూడా రాసుకోండి.

8. ఒళ్లు

'మనకు మలేరియా కొత్తా' అనే ధీమా వద్దు. అక్కడ ఎక్కువగా ఉండేది ఫాల్సిపారం రకం, ప్రాణం తీసేది. వెళ్లడానికి ఆరు నుంచి ఎనిమిది వారాల ముందు డాక్టరును కలిసి నివారణ మాత్రలు రాయించుకోండి. అటోవాక్వోన్-ప్రోగువానిల్ అయితే రోజూ వేసుకోవాలి, ఖరీదెక్కువ. డాక్సీసైక్లిన్ చవక, కానీ ఎండకు చర్మం కందుతుంది, తిరిగొచ్చాక నాలుగు వారాలు వాడాలి. మెఫ్లోక్విన్ వారానికొకటి, మానసిక సమస్యలు ఉన్నవాళ్లకు పనికిరాదు. టర్మ్ అంతా ఉండేవాళ్లకు ఏది తగునో డాక్టరే తేల్చాలి. మాత్ర వేసుకున్నా దోమతెర కట్టాల్సిందే.

ఎల్లో ఫీవర్ టీకా విషయంలో చాలామంది తికమకపడతారు. ముంబై నుంచి నేరుగా దార్ ఎస్ సలామ్ వెళితే టాంజానియా సర్టిఫికెట్ అడగదు. ఇథియోపియా, కెన్యా లాంటి దేశాల విమానాశ్రయంలో పన్నెండు గంటలకు మించి ఆగితే అడుగుతుంది. తిరుగు ప్రయాణంలో మన దేశం ఇంకా కఠినం: ఎల్లో ఫీవర్ ఉన్న దేశాలంటూ మన ప్రభుత్వం పెట్టిన జాబితాలోని దేశాల నుంచి సర్టిఫికెట్ లేకుండా దిగితే ఆరు రోజుల దాకా క్వారంటైన్‌లో పెట్టొచ్చు. సెలవుల్లో నైరోబీ చూసొద్దామనుకునేవాళ్లు కూడా దీన్ని గుర్తుపెట్టుకోవాలి. అందుకే వేయించుకుని వెళ్లడమే సుఖం. హైదరాబాద్‌లో నారాయణగూడ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్, విశాఖలో పోర్ట్ హెల్త్ కార్యాలయం ఈ టీకా వేసే కేంద్రాలు. వేసిన పది రోజులకు సర్టిఫికెట్ చెల్లుతుంది, ఆపైన జీవితాంతం.

టైఫాయిడ్, హెపటైటిస్ ఎ, బి, టెటనస్ సరిచూసుకోండి. పల్లెలో ఉండబోతే రేబిస్ ముందస్తు టీకా గురించి అడగండి. మ్వాంజా వైపు వెళ్లేవాళ్లు విక్టోరియా సరస్సులో ఈతకు దిగకండి, నత్తల ద్వారా వ్యాపించే బిల్హార్జియా అనే జబ్బు ఉంటుంది. బీమాలో అత్యవసర విమాన తరలింపు ఉందో లేదో చూడండి. మారుమూల జిల్లాలో ఉన్న మనిషిని దార్ ఎస్ సలామ్‌కో నైరోబీకో చేర్చడానికి అయ్యే ఖర్చు మామూలు పాలసీలు భరించవు.

9. సామాను, డబ్బు, తిండి

2019 జూన్ నుంచి టాంజానియాలో ప్లాస్టిక్ క్యారీబ్యాగులు నిషేధం, విమానాశ్రయంలోనే వదిలేయమంటారు. ఆవకాయ సీసాను మన అలవాటు ప్రకారం నాలుగు కవర్లలో చుట్టకండి. బిగుతు మూత డబ్బా, గుడ్డసంచి వాడండి. మూడు చదరపు కాళ్ల బ్రిటిష్ ప్లగ్గుకు సరిపోయే అడాప్టరు తీసుకెళ్లండి. డాలర్లు తీసుకెళ్తే 2006 కంటే పాత నోట్లు వద్దు, తీసుకోరు. దిగాక ఫోన్‌లో మొబైల్ మనీ పెట్టుకుంటే పల్లె కొట్లో కూడా చెల్లుతుంది. సిమ్‌కు పాస్‌పోర్టు, వేలిముద్ర కావాలి.

తిండికి శాకాహారులూ భయపడక్కర్లేదు. ఉగాలి అంటే మొక్కజొన్న పిండితో చేసే సంకటి. మహరాగే అంటే చిక్కుడు జాతి గింజల కూర, మ్చిచా అచ్చంగా మన తోటకూరే. అన్నం, చపాతీ, చాయ్ అంతటా దొరుకుతాయి. దొరకనిది చింతపండు పులుసు, కారం ఘాటు. ఎండుకారం ఒక కిలో తీసుకెళ్తే సరిపోతుంది.

బట్టలు మన టీచర్లు వేసుకునేవే. మగవాళ్లకు ఇన్‌షర్టు, ఆడవాళ్లకు భుజాలు, మోకాళ్లు కప్పేవి.

10. మొదటి నెల, బెత్తం, ఫొటోలు

మొదటి రెండు వారాలు పాఠం చెప్పకండి. వెనక బెంచీలో కూర్చుని చూడండి, స్థానిక టీచరుకు పేపర్లు దిద్దిపెట్టండి. దిద్దితే పిల్లలకు ఏం రాదో తెలుస్తుంది, టీచరుకు మీ మీద నమ్మకం కలుగుతుంది. మూడో వారం నుంచి పాఠంలో పది నిమిషాలు మీవి, తర్వాత ఇరవై. మీరు ఆ దేశంలో మ్హిందీ, అంటే హిందూదేశపు మనిషి. వాళ్లెరిగిన భారతీయుల్లో ఎక్కువమంది తరాలుగా అక్కడున్న గుజరాతీ వర్తకులు. పట్టణంలో దుకాణం లేని, ప్రభుత్వ బళ్లో సుద్దముక్క పట్టుకున్న భారతీయుణ్ని చూస్తే మొదట్లో కొంత వింత, కొంత అనుమానం ఉంటాయి. వ్యాపారం ఎక్కడ పెడుతున్నారని అడుగుతారు. నొచ్చుకోకండి.

బెత్తం సంగతి ముందే ఆలోచించుకుని వెళ్లాలి. మన దేశంలో 2009 విద్యాహక్కు చట్టం పిల్లల్ని కొట్టడాన్ని నిషేధించింది. టాంజానియాలో బళ్లో బెత్తంతో కొట్టడం ఇంకా చట్టబద్ధమే. మీరు చేయకూడనివి రెండు: కొట్టమని పిల్లవాణ్ని వేరే టీచరు దగ్గరికి పంపడం, కొడుతున్న టీచరును పిల్లల ముందు మందలించడం. మొదటిది చేస్తే బెత్తం మీదే. రెండోది చేస్తే ఆ బడిలో మీకు ఇక చోటుండదు, బెత్తం మాత్రం ఉంటుంది. తర్వాత హెడ్‌మాస్టరుతో విడిగా మాట్లాడండి. హోంవర్కు చేయనందుకు దెబ్బలు పడుతుంటే హోంవర్కును తరగతిలోనే చేయించే పద్ధతి పెట్టండి. గాయాలయ్యేలా కొడితే అది వేరే విషయం. మిమ్మల్ని పంపిన సంస్థ పిల్లల రక్షణ విధానం ప్రకారం అదే రోజు తెలియజేయాలి.

పిల్లల ఫొటోలు వాట్సాప్ స్టేటస్‌లో పెట్టకండి. ఒంటరిగా ఒక పిల్లతోనో పిల్లాడితోనో మూసిన గదిలో కూర్చోకండి. ఫీజు కట్టలేకపోతున్నానని ఎవరైనా విడిగా డబ్బడిగితే హెడ్‌మాస్టరు ద్వారానే సాయం చేయండి, లేదంటే వారంలో మీ గుమ్మం ముందు వరస కడతారు.

11. తిరుగు ప్రయాణానికి ముందు

ఆఖరి నెలలో మీ పాఠం వాటా తగ్గించుకుంటూ రండి. గోడ మీది మాటల పట్టికలు, పాత ప్రశ్నపత్రాల నుంచి ఏరిన జాబితా, ప్రయోగాల సామగ్రి మీ జంట టీచరు పేరుతో ఒక ఫైలుగా, ఒక పెన్‌డ్రైవ్‌లో అప్పగించండి. మీ పేరు మీద క్లబ్బులు, లైబ్రరీలు పెట్టకండి. 'మళ్లీ వస్తాను' అని పిల్లలకు చెప్పాలనిపిస్తుంది. టికెట్ కొన్న తర్వాతే చెప్పండి.

మలేరియా మాత్రలు ఇంటికి వచ్చాక కూడా డాక్టరు చెప్పినన్ని రోజులు వేసుకోవాలి. అటోవాక్వోన్-ప్రోగువానిల్ అయితే ఏడు రోజులు, మిగిలిన రెంటికీ నాలుగు వారాలు. ఆ తర్వాత మూడు నెలల్లో, ఆమాటకొస్తే ఏడాదిలోపు ఎప్పుడు జ్వరం వచ్చినా వైరల్ అని ఊరుకోకుండా అదే రోజు రక్తపరీక్ష చేయించుకుని, ఆఫ్రికాలో ఉండి వచ్చానని డాక్టరుకు మొదటి మాటగా చెప్పండి.